కాన్పుల గదిలో పెద్దదిక్కు ఎవరు?

జిల్లా ఆస్పత్రిలో ఎన్ని తలుపులున్నా అందరికీ గుర్తుండిపోయేది కాన్పుల గది తలుపే. ఒక రేకు బోర్డు, దానిమీద ‘అనుమతి లేనిదే లోనికి రారాదు’ అన్న ఎర్ర అక్షరాలు, సగం చిరిగిన ఆకుపచ్చ పరదా. అవతల కూతురు, ఇవతల తల్లి. తల్లి చేతిలో ఫ్లాస్కు, పాత మెత్తటి చీరల మూట, నాలుగు మడతలు పడ్డ ఓపీ చీటీ. లోపల్నుంచి కేక వినిపించినప్పుడల్లా అది తన కూతురిదేనా, పక్క టేబులు మీద ఉన్న మరొకరి కూతురిదా అని చెవులు రిక్కిస్తుంది. ఆ కేక వెంటే ఇంకో గొంతు వినిపిస్తుంది. ‘ఊకే ఒర్లకు! అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?’

ఈ మాట, లేదా దీనికి కాస్త అటూఇటూగా ఉండే మాట, తెలుగునాట ఎంతమంది ఆడవాళ్లు విన్నారో లెక్క తేలదు. విన్నవాళ్లు ఇంటికొచ్చి చెప్పుకోరు. పండంటి బిడ్డ ఒళ్లో ఉన్నాక ఆ సంగతి ఎందుకులే అనుకుంటారు. కానీ రెండో కాన్పు దగ్గరపడేసరికి ‘అప్పు చేసైనా ప్రైవేటుకే పోదాం’ అని పట్టుబడతారు. ఎందుకని అడిగితే జవాబు సరిగా రాదు. ‘అక్కడ మంచిగ చూడరు’ అంటారు. అంతే. ఆ ‘మంచిగ’ అన్న ఒక్క మాటలో బోలెడంత ఉంది.

అలా కసురుకున్న నర్సు రాక్షసేం కాదు. జ్వరంతో ఉన్న పిల్లాణ్ని అత్తగారికి అప్పగించి రాత్రి డ్యూటీకి వచ్చి ఉంటుంది. నాలుగు టేబుళ్లు, వరండాలో మరో ఆరుగురు, చేతికింద ఒక్క ఆయా. ఆమె చదువుకున్న పుస్తకంలో నొప్పులు పడే మనిషిని తిట్టాలని ఎక్కడా రాసిలేదు. మరెక్కడ నేర్చుకుంది? ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో, సీనియర్లను చూసి. ఆ సీనియర్లు వాళ్ల సీనియర్లను చూసి. ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేసే ఈ విద్యకు చదువుకున్నవాళ్లు పెట్టిన పేరు ‘పని సంస్కృతి’. భవనానికి టెండరు పిలవొచ్చు. స్కానింగు యంత్రం కొనొచ్చు. దీన్ని మాత్రం ఏ టెండరూ తెచ్చిపెట్టదు.

జనం వచ్చారు... ఆ తర్వాత?

సర్కారు దవాఖానాకు జనాన్ని రప్పించడానికి జరిగిన ప్రయత్నాలు తక్కువేం కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు బయల్దేరింది. అదే ఏడాది కేంద్రం జననీ సురక్ష యోజన తెచ్చి, ఆస్పత్రిలో కాన్పయితే చేతికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 జూన్‌లో తెలంగాణలో కేసీఆర్ కిట్ పథకం వచ్చింది. మగపిల్లాడైతే 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు విడతలవారీగా ఇచ్చేవారు. దాంతోపాటు సబ్బు, నూనె, దోమతెర వగైరాలతో ఓ సంచి.

ఇక్కడో చిన్న వింత చెప్పుకోవాలి. ప్రభుత్వం ఆడపిల్లకు వెయ్యి ఎక్కువ ఇచ్చింది. చాలా ఆస్పత్రుల వరండాల్లో చెయ్యిచాపే ఆయాల లెక్క మాత్రం పూర్తిగా తలకిందులు. మగపిల్లాడైతే గట్టిగా అడుగుతారు, ఆడపిల్లయితే ‘సరేలే, మీ ఇష్టం’ అని తగ్గుతారు. ఒకే తలుపు దగ్గర రెండు ధరల పట్టికలు! ఒకటి సచివాలయం రాసింది. రెండోది ఎవరూ రాయకపోయినా అందరికీ తెలిసింది. రెండోదే సంస్కృతి అంటే.

అయినా జనం వచ్చారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం 2015–16లో తెలంగాణలో నూటికి 30 కాన్పులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో జరిగితే, తర్వాతి సర్వే నాటికి అవి దాదాపు 50కి చేరాయి. తల్లుల మరణాలు కూడా బాగా తగ్గాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001–03 మధ్య లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. రెండు దశాబ్దాల్లో ఇంత మార్పంటే మాటలు కాదు. రోడ్లు, ఫోన్లు, ఆడపిల్లల చదువు, ఊళ్లో ఆశా కార్యకర్త... అందరి పాలూ ఇందులో ఉంది.

ఇంకో లెక్క మాత్రం మింగుడుపడదు. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు పెద్దాపరేషన్లేనని తేలింది. ప్రైవేటులో 81 శాతం దాటింది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44 శాతం దాటింది. సిజేరియన్లు 10 శాతం మించినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ప్రైవేటు సంగతి పక్కనపెడదాం. సర్కారు దవాఖానాలో కోత వల్ల అదనంగా వచ్చే పైసా లేదు కదా, మరి అక్కడెందుకు? కారణాలు చాలా ఉన్నాయి. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ చాలావరకూ అంతే. పంతులుగారు రాసిచ్చిన ముహూర్తం చీటీ ఒకటి. నొప్పులు పడే మనిషి పక్కన పన్నెండు గంటలు కూర్చునే తీరిక ఎవరికీ లేకపోవడం మరొకటి. అన్నిటికన్నా పెద్దది... భయం.

తనిఖీ దొరగారు

ప్రభుత్వ ఆస్పత్రికి నాయకత్వం అనగానే కళ్లముందు మెదిలే బొమ్మ ఒకటుంది. అర్ధరాత్రి కలెక్టరుగారి ఆకస్మిక తనిఖీ. హాజరు పట్టీ తెరుస్తారు. ఇద్దరు డాక్టర్లు లేరు. మరుగుదొడ్డి తలుపు తీస్తారు, ముక్కు మూసుకుంటారు. తెల్లారి పేపర్లో ఫొటో, ‘ఇద్దరు సస్పెన్షన్’ అని వార్త. పదిహేను రోజులు ఆస్పత్రి అద్దంలా మెరుస్తుంది. పదహారో రోజునుంచి ఎప్పటి సంగతే.

అలాగని తనిఖీలు దండగ అనడం తొందరపాటే. 2015లో కేంద్రం తెచ్చిన ‘కాయకల్ప’ అవార్డుల పుణ్యమా అని ఎన్నో ఆస్పత్రులు నేల తుడిచే పద్ధతి దగ్గర్నుంచి మార్చుకున్నాయి. మార్కులు వేస్తారంటే ఎవరైనా చదువుతారు. పెద్దల సొంత నడవడికి ఉండే బలమూ తక్కువది కాదు. 2021 నవంబరులో ఖమ్మంలో జిల్లా అదనపు కలెక్టరే ప్రభుత్వ ఆస్పత్రిలో పురుడు పోసుకున్నారు. ‘అంత పెద్దమ్మే అక్కడికి పోతే మనకేంటి?’ అని ఊళ్లలో ఎంతోమంది అనుకుని ఉంటారు. ఒక జీవో చేయలేని పని అది.

చిక్కెక్కడంటే, అధికారి బదిలీ అవుతారు. రెండేళ్లు, మూడేళ్లు, ఒక్కోసారి ఎనిమిది నెలలు. మంచి సూపరింటెండెంటు వస్తే ఆస్పత్రి లేచి నిలబడుతుంది, వెళ్లిపోతే కూర్చుంటుంది. ‘ఆ సారు ఉన్నప్పుడు చూడాలి...’ అని సిబ్బందే కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ కథల్లో అభిమానం ఉంటుంది కానీ ఆయన చేసిన పని మిగలదు. ఎందుకంటే అది ఆయన గొంతులో ఉండిపోయింది, వాళ్ల చేతుల్లోకి రాలేదు.

సస్పెన్షన్ సంగతి కూడా కాస్త నిదానంగా చూడాలి. ఆస్పత్రిలో తల్లో బిడ్డో చనిపోతే బంధువులు గేటు ముందు కూర్చుంటారు. వాళ్ల కడుపుమంట అలాంటిది, తప్పుపట్టలేం. సాయంత్రానికి ఎవరో ఒకరిని సస్పెండ్ చేస్తే తప్ప ఆ గొడవ చల్లారదు. చాలాసార్లు ఆ ‘ఎవరో ఒకరు’ ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సే. తర్వాత ఏం జరుగుతుంది? మిగిలిన నర్సులు పాఠం నేర్చుకుంటారు. ఏ పాఠం? రక్తస్రావాన్ని ముందుగా ఎలా పసిగట్టాలన్నది కాదు. కేసు కాస్త బరువనిపిస్తే చాలు, తమ చేతిమీదుగా పోకుండా చూసుకోవడం. ‘ఇక్కడ కుదరదమ్మా, వరంగల్ తీసుకుపొండి’, ‘హైదరాబాద్ పొండి’. బీపీ పెరిగిన గర్భిణి అంబులెన్సులో వంద కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆస్పత్రి రికార్డులో మరణం తగ్గుతుంది. ప్రమాదం మాత్రం ఎక్కడికీ పోలేదు, రోడ్డెక్కింది అంతే.

కాన్పు ఎలా సాగుతోందో అరగంటకోసారి గుర్తించాల్సిన పార్టోగ్రాఫ్ కాగితం ఉంటుంది. బిడ్డ గుండె వేగం, నొప్పుల జోరు, గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది... ఇవన్నీ చుక్కలు పెట్టి గీత కలపాలి. ఆ గీత పక్కకు వాలితే ప్రమాద సూచిక. మన దేశంలో చాలాచోట్ల ఆ కాగితాన్ని కాన్పయ్యాక తీరిగ్గా నింపుతారని వైద్యరంగంలో అందరికీ తెలుసు. తప్పు దొరికితే ఉద్యోగం పోయే చోట ఏ కాగితమైనా అందంగానే ఉంటుంది.

కేరళవాళ్లు ఈ ముడిని ఇంకోలా విప్పారు. 2004లో అక్కడి గైనకాలజిస్టుల సంఘం, ప్రభుత్వం కలిసి తల్లుల మరణాలపై రహస్య సమీక్ష మొదలుపెట్టాయి. చనిపోయిన ప్రతి తల్లి కేసు కాగితాల్లోంచీ పేర్లు తీసేస్తారు. తల్లి పేరు, డాక్టరు పేరు, ఆస్పత్రి పేరు... ఏదీ ఉండదు. అనుభవమున్న వైద్యులు కూర్చుని ‘ఎవరు చేశారు?’ అని కాకుండా ‘ఎక్కడ ఆలస్యమైంది? ఏం చేసుంటే బతికేది?’ అని చూస్తారు. బ్రిటన్‌లో 1952నుంచీ నడుస్తున్న పద్ధతే ఇది. పేరు బయటికి రాదన్న ధీమాతో డాక్టర్లు జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టారు. కాన్పు తర్వాత రక్తస్రావమే తల్లుల్ని ఎక్కువగా పొట్టనపెట్టుకుంటోందని స్పష్టంగా కనబడింది. దాన్ని ఆపడానికి ఏ నిమిషంలో ఏం చేయాలో రాసుకున్నారు, నేర్పించారు. 2018–20 లెక్కల్లో లక్ష కాన్పులకు 19 మరణాలతో దేశంలో అందరికన్నా ముందున్నది కేరళే. అంతా ఈ సమీక్ష చలవే అనలేం. కానీ తప్పు చెప్పుకోవడానికి ఒక చోటు ఉండటమన్నది చిన్న సంగతి కాదు. మన ఇళ్లలోనే చూడండి, పిల్లలు నిజం చెప్పేది దెబ్బలు పడవని నమ్మకమున్న పెద్దల దగ్గరే.

కరీంనగర్‌లో ముప్పై మంది

ఇక తెలంగాణలో జరిగిన ఒక పని గురించి. దీనికి రావాల్సినంత పేరు రాలేదు.

2017లో రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో ముప్పై మంది స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. పద్దెనిమిది నెలల చదువు. సిజేరియన్లు విపరీతంగా జరిగే ప్రాంతమది. అంటే ఎక్కడ నిప్పు ఎక్కువగా ఉందో అక్కడే నీళ్లు పోయబోయారన్నమాట. మరుసటి ఏడాది కేంద్రం కూడా దేశమంతా ఇలాంటి మిడ్‌వైఫ్‌ల వ్యవస్థ తెస్తామని మార్గదర్శకాలు ప్రకటించింది.

మిడ్‌వైఫ్ అంటే పాత మంత్రసానే కదా అని పెద్దవాళ్లు అనుకోవచ్చు. సగం నిజం. మంత్రసానికి రెండు గొప్ప విద్యలు తెలుసు. పక్కన కూర్చోవడం, ధైర్యం చెప్పడం. ‘లే, నాలుగడుగులు వెయ్యి. ఇంకాస్త ఓర్చుకో తల్లీ, వచ్చేస్తాడు’ అంటూ నడుం రుద్దేది. ఆమెకు లేనివి శుభ్రమైన చేతులు, అడ్డం తిరిగినప్పుడు కాపాడే సాధనాలు. అందుకే ఎందరో తల్లులు చనిపోయారు, ఆ సంగతి మరిచిపోయి పాత రోజులే బంగారమనడం తగదు. ఆస్పత్రి వచ్చి ఆ రెండూ ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ ఆమె దగ్గరున్న రెండు విద్యల్నీ పారేసింది. గర్భిణిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి, ‘ముక్కు, ముక్కు’ అని అరవడమే పద్ధతైపోయింది. కరీంనగర్‌లో చేసింది ఈ రెంటినీ మళ్లీ ఒక చోట చేర్చే ప్రయత్నం.

శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ పని చూస్తే ఏమంత విశేషంగా అనిపించదు. నొప్పులు మొదలైన అమ్మాయిని మంచానికి కట్టిపడేయదు, నడవనిస్తుంది. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి అటూఇటూ ఊగమంటుంది. గుటకలు గుటకలుగా మంచినీళ్లు తాగిస్తుంది. ఊపిరి ఎలా వదలాలో చెబుతుంది. పక్కకు తిరిగి పడుకుంటావా, గొంతుక్కూర్చుంటావా, నీకెలా వీలైతే అలా అంటుంది. మధ్యమధ్యలో బిడ్డ గుండె చప్పుడు వింటుంది, కాగితం మీద చుక్క పెడుతుంది. అవసరం లేనిదే కింద కోత పెట్టదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పుల సంరక్షణపై ఇచ్చిన 56 సిఫార్సుల్లో ఇవన్నీ ఉన్నాయి. తల్లి కోరిన మనిషి పక్కన ఉండాలి, గౌరవంగా చూడాలి, తనకు నచ్చిన భంగిమలో ఉండనివ్వాలి, అందరికీ ఒకే గడియారం పెట్టి తొందరపెట్టకూడదు... ఇలా.

అసలు విద్య మరొకటుంది. ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలో, ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలియడం. సాఫీగా సాగే కాన్పు మిడ్‌వైఫ్‌ది, తేడా వస్తే డాక్టరుది. కాగితం మీద తేలికే. ఆస్పత్రిలో మాత్రం ఇదో చిన్నపాటి విప్లవం. మన దవాఖానాల్లో నర్సు అంటే డాక్టరమ్మ చెప్పింది చేసే మనిషి. ఆ నర్సు ఇప్పుడు ‘మేడం, బిడ్డ గుండె బాగుంది, తల్లి కూడా ఓపిగ్గానే ఉంది. ఇంకో గంట చూద్దామా?’ అనాలి. అనగలగడానికి ఆమెకు చదువు కావాలి. విని ‘సరే’ అనడానికి డాక్టరుకు పెద్దమనసు కావాలి. ఆ గంటలో ఏదన్నా జరిగితే నర్సును బలిపెట్టనన్న మాట సూపరింటెండెంటు దగ్గర్నుంచి ముందే వచ్చి ఉండాలి. నాయకత్వమంటే చాలావరకూ ఈ మూడో మాటే. దాన్ని తనిఖీ రోజున ఇవ్వడం కుదరదు. ఏమీ జరగని మామూలు రోజుల్లో, సిబ్బంది నమ్మేదాకా, పదేపదే ఇస్తూ పోవాలి.

బయటివాళ్ల సంగతి ఇంకో కథ. అత్తగారికి ఓపిక ఉండదు. ‘పక్కింటి కోడలికి పొద్దున తీసుకొస్తే మధ్యాహ్నానికి ఆపరేషన్ చేసి బిడ్డను చేతిలో పెట్టిండ్రు. మీరేంది సిస్టరమ్మా, పొద్దున్నుంచి బంతి మీద ఆడిపిస్తున్నరు?’ అంటుంది. ఆమెకు జవాబు చెప్పాల్సింది కూడా మిడ్‌వైఫే. విసుక్కోకుండా, ‘పెద్దమ్మా, నువ్వెంతమందిని కన్నవ్? ఎక్కడ కన్నవ్?’ అని అడిగితే చాలు, పెద్దమ్మ తన ఐదు కాన్పుల కథ మొదలుపెడుతుంది. కథ అయ్యేలోపు కోడలికి నొప్పులు ఊపందుకుంటాయి. ముహూర్తం చీటీ తెచ్చినవాళ్లతో మాత్రం అంత తేలిగ్గా పని జరగదు. జాతకం పేరుతో కడుపు కోయించుకోవడమేంటని చదువుకున్నవాళ్లు నవ్వుతారు గానీ, ఆ చీటీలు పట్టుకొచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లేం తక్కువ కాదు.

తలుపు తీస్తే చాలు

కాన్పు సమయంలో గర్భిణి పక్కన ఇంటి ఆడమనిషి ఒకరు ఉండొచ్చని కేంద్రం 2016లోనే ప్రభుత్వ ఆస్పత్రులకు చెప్పింది. తల్లి, అక్క, అత్త ఎవరైనా సరే. అమలు దగ్గర మాత్రం చాలాచోట్ల నసిగారు. ఇరుకు గది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఫోన్లో వీడియోలు తీస్తారు, ఊరికే కంగారుపడి అల్లరి చేస్తారు... సాకులు కొన్నయితే నిజమైన ఇబ్బందులు కొన్ని. టేబుళ్ల మధ్య పరదా లేకపోతే పక్కవాళ్ల పరువు సంగతేంటి? అది చూడాల్సిందే.

తలుపు తీసి తల్లిని లోపలికి పిలిస్తే ఏమవుతుందో ఊహించండి. కూతురి చెయ్యి పట్టుకుని తల్లి నిల్చుని ఉంటే, ఆ తల్లి ముందు ‘అప్పుడు లేని నొప్పి’ అని అనడానికి ఎవరికైనా నోరు పెగులుతుందా? చెయ్యి లేస్తుందా? కసురుకోవద్దని వంద సర్క్యులర్లు పంపి సాధించలేనిది ఒక స్టూలు వేసి సాధించొచ్చు. బిడ్డ పుట్టిన సంగతి చెప్పి డబ్బులడిగే బేరం కూడా అక్కడితో సగం చస్తుంది. పుట్టింది ఆడో మగో ముందు చూసింది అమ్మమ్మే కదా, ఇంక అమ్ముకోవడానికి వార్త ఏం మిగిలింది? నర్సుకూ ఒక సాయం దొరుకుతుంది. నడుం రుద్దడానికి, నీళ్లు తాగించడానికి రెండు చేతులు ఎక్కువయ్యాయి. మనుషుల్ని మంచివాళ్లుగా మార్చడం కష్టం. చెడ్డగా ఉండటానికి వీల్లేని ఏర్పాటు చేయడం కాస్త తేలిక.

కాన్పుల గదుల్లో నిజం తెలిసినా పద్ధతి మారదని చెప్పే పాత ఉదంతం వియన్నాది. 1847లో అక్కడి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో రెండు కాన్పుల విభాగాలుండేవి. ఒకటి వైద్య విద్యార్థులది, రెండోది మంత్రసానులది. మొదటి దాంట్లో బాలింత జ్వరంతో సగటున నూటికి పది మంది చనిపోతుంటే, రెండో దాంట్లో నలుగురికి మించేవారు కాదు. మొదటి దాంట్లో వేయొద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారట. విద్యార్థులు శవపరీక్షల గదినుంచి నేరుగా వస్తున్నారని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు గుర్తించాడు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు కొద్ది నెలల్లో 2 శాతానికి వచ్చాయి. ఇంత రుజువున్నా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. తమ చేతులే చంపుతున్నాయంటే ఎవరు ఒప్పుకుంటారు? 1849లో ఆయన ఉద్యోగం పొడిగించలేదు. ఆయనకూ నచ్చజెప్పే ఓర్పు లేకపోయింది, ఎదురు మాట్లాడినవాళ్లను హంతకులన్నాడు. 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. ఆయన పక్షాన నిజం ఉంది, మనుషులు లేరు.

శిక్షకుడు వెళ్లిపోయాక

మన దేశంలోనే జరిగిన ఇంకో పెద్ద పరీక్ష ఉంది. 2014–16 మధ్య ఉత్తరప్రదేశ్‌లో 24 జిల్లాల్లో 120 ఆస్పత్రులు తీసుకున్నారు. సర్జన్, రచయిత అతుల్ గవాండే స్థాపించిన అరియాడ్నీ ల్యాబ్స్ దీన్ని నడిపింది. సగం ఆస్పత్రుల్లో కాన్పు సమయంలో చేయాల్సిన పనుల జాబితా ఇచ్చి, అది అలవాటయ్యేలా శిక్షకుల్ని ఎనిమిది నెలలపాటు పంపించారు. తిట్టడం, తనిఖీ చేయడం వాళ్ల పని కాదు. నర్సు పక్కన నిలబడి, ఏం అడ్డమొస్తోందో అడిగి సర్దడం.

శిక్షణ మొదలైన రెండు నెలలకు ఆ ఆస్పత్రుల్లో నూటికి 73 పనులు జాబితా ప్రకారం జరిగాయి. శిక్షకులు లేనిచోట్ల 42 మాత్రమే. అంటే మన నర్సులకు చేతకాక కాదు, పక్కన ఒక మనిషి నిలబడితే ఎవరైనా చేస్తారు. అయితే శిక్షకులు వెళ్లిపోయిన నాలుగు నెలలకు చూస్తే 73 కాస్తా 62కు జారింది. లక్షన్నరకు పైగా కాన్పులు లెక్కగట్టి చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017 చివర్లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు చాలామంది నిరుత్సాహపడ్డారు. చేతులు కడిగినా, బీపీ చూసినా, ప్రమాదం వచ్చినప్పుడు రక్తం, డాక్టరు, ఆపరేషన్ గది అందుబాటులో లేకపోతే ప్రాణం నిలవదు మరి. నడవడిక మారడంతోపాటు సరంజామా కూడా రావాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే సగం వంటే.

ఆ 73నుంచి 62కు జారిన పదకొండు మాత్రం సర్కారు దవాఖానా గురించి ఆలోచించేవాళ్లందరూ గోడమీద రాసుకోవాల్సిన సంఖ్య. బదిలీ అయిపోయిన మంచి సూపరింటెండెంటు కథ కూడా అదే. బయటినుంచి వచ్చిన వేడి బయటికే పోతుంది. మరి లోపల ఉండేదెవరు? కలెక్టరు రెండేళ్లుంటారు, సూపరింటెండెంటు మూడేళ్లు. డ్యూటీ డాక్టరమ్మ పీజీ సీటు వస్తే వెళ్లిపోతుంది. ఆ గదిలో ఎక్కువ కాలం కనిపించేది కాన్పుల గది హెడ్ నర్సు. కొత్తగా చేరిన పిల్ల మొదటి వారంలో చూసి నేర్చుకునేది ఆమెనే. ఆమె గర్భిణిని ‘అమ్మా’ అంటే ఆ పిల్లా ‘అమ్మా’ అంటుంది. ఆమె ‘ఏయ్’ అంటే ఈమే ‘ఏయ్’. జిల్లా వైద్యాధికారుల సమావేశాలకు ఆమెను ఎవరూ పిలవరు. కుర్చీలు చాలవనేమో!

2017 డిసెంబరులో కేంద్రం ప్రభుత్వ కాన్పుల గదులను బాగుచేయడానికి ‘లక్ష్య’ అనే కార్యక్రమం తెచ్చింది. కాన్పుల గదిలో శిక్షణ పొందిన నర్సుల్ని వేరే వార్డులకు తిప్పొద్దన్నది అందులో ఒక నియమం. వినడానికి ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. కానీ ప్రతి ఆస్పత్రిలో నెలాఖరుకు ఒక సన్నివేశం ఉంటుంది. హెడ్ నర్సు బల్లమీద పొడవాటి రిజిస్టరు, స్కేలు, ఎర్ర పెన్ను. వచ్చేనెల డ్యూటీ చార్టు గీస్తుంటుంది. ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు, ఇంకొకరు డిప్యుటేషన్ మీద వెళ్లారు, నాలుగు పోస్టులు ఎప్పట్నుంచో ఖాళీ. డెంగీ కాలం, జ్వరాల వార్డు కిటకిటలాడుతోంది. ఫోను మోగుతుంది. ‘అక్కా, మాకు రాత్రికి ఒక్కరూ లేరు. ఆ మిడ్‌వైఫ్ పిల్లలుంటారు గదా, ఒకరిని పంపవా?’

పద్దెనిమిది నెలలు చదువుకొచ్చిన మనిషిని సెలైన్లు ఎక్కించడానికి పంపాలా, వద్దా? వద్దంటే జ్వరాల వార్డు అక్కతో మాట పోతుంది, రేపు తనకు అవసరమైనప్పుడు ఆమె పంపదు. పైనుంచి ఆర్ఎంఓ ఫోను కూడా రావచ్చు. సరే అంటే కాన్పుల గదిలో ఆ రాత్రికి మళ్లీ నాలుగు టేబుళ్లకు ఒక్క నర్సే మిగులుతుంది.

హెడ్ నర్సు ఎర్ర పెన్ను పక్కన పెట్టి, పెన్సిలు తీసుకుంటుంది. చెరపడానికి వీలుంటుందని.